గుత్తి చుట్టం

మాది గుణదల. కొండకూ రైలు కట్టకూ మధ్య, మేరీమాత కొండ మెట్లు కనబడేటంత దూరంలో మా ఇల్లు. రైల్వేలో గూడ్సు గార్డుగా ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి, ఇప్పుడు పించను పుచ్చుకొంటున్నవాణ్ణి. కొండ కింద కాపురం చేసేవాళ్ళకు తేళ్ళూ, జెర్రులూ, పాములూ కొత్త కాదు. వానాకాలంలో చెప్పులు దులిపి తొడుక్కోవటమనేది మా పిల్లలకు అక్షరాభ్యాసంతోపాటు నేర్పిన విద్య. అటువంటి నేను డెబ్భై అయిదేళ్ళ వయసులో ఒక సాలెపురుగుకు ఇల్లు కట్టిపెట్టానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. మీరూ నమ్మరేమో. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

2023 వేసవిలో నేనూ మా ఆవిడా అమెరికాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాము. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర ఉంటారు వాళ్ళు. మా మనుమడికి పదమూడేళ్ళు. వెళ్ళిన రోజు సాయంత్రమే వాడు నా చెయ్యి పట్టుకొని గదిలోకి లాక్కుపోయి, "తాతయ్యా, మీ ఊరి పురుగును చూడు" అన్నాడు. బల్లమీద చేపలు పెంచుకొనే గాజు తొట్టి ఉంది. అందులో నీళ్ళు లేవు, చేపలూ లేవు. మూలను ఒక పూలకుండీ పెంకు. దానికి అంటుకొని, అరచేయంత సాలెపురుగు. ఒళ్ళంతా నీలం. నెమలి మెడ నీలం అంటామే, అది. మధ్యమధ్య తెల్లని గీతలు, కాళ్ళ కణుపుల దగ్గర పసుపు పచ్చని మచ్చలు.

"మా ఊరిది ఎట్లా అవుతుందిరా?" అన్నాను.

"నువ్వు రైలు నడిపావుగా, గుత్తి! అక్కడిది తాతయ్యా. దీని పేరే గుత్తి టారంటులా."

నేను రైలు నడపలేదు, వెనక పెట్టెలో కూర్చొని పచ్చ జెండా ఊపాను, అంతే. అయినా గుత్తి పేరు అంత దూరాన ఆ పిల్లవాడి నోట వినేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. మా ఆవిడ మాత్రం గుమ్మంలోనే నిలబడి, "దాని సంగతి తరువాత, ముందు ఆ మూత సరిగా ఉందో లేదో చూడండి" అన్నది.

ఆవిడ మాట నేను వినలేదు. ముప్ఫై ఏళ్ళ గార్డు ఉద్యోగంలో ఏ బండికీ చేయని పొరపాటు అది.

పదిహేను రోజుల తరువాత ఒక తెల్లవారుజామున తొట్టి ఖాళీగా ఉంది. పైన పరచిన ఇనుప జాలీ ఒక మూల అర అంగుళం లేచి ఉంది. ఇక ఆ ఇంట్లో జరిగిన కలకలం చెప్పనలవి కాదు. మా అమ్మాయి చంటిపిల్లను ఎత్తుకొని సోఫా ఎక్కింది. అల్లుడు గారు కాళ్ళకు బూట్లు తొడుక్కొని, చేతిలో చీపురుతో మేడ మెట్లమీద నిలబడ్డారు. మనుమడు ఏడుపు ఆపుకొంటూ, "చీపురు వద్దు నాన్నా, చచ్చిపోతుంది" అని వేడుకొంటున్నాడు. నేను మంచాల కింద దీపం వేసి వెతుకుతున్నాను.

మా ఆవిడ మాత్రం స్నానం చేసి, ఎప్పటిలాగానే దేవుడికి దీపం పెట్టటానికి వెళ్ళింది. అక్కడి ఇళ్ళలో గోడలో కలిసిపోయిన బీరువా ఒకదాన్ని దేవుడి గదిగా చేసుకొంటారు. ఆవిడ పటం తుడుద్దామని చెయ్యి చాచి, అట్లాగే ఆగి, కేక వేయకుండా వెనక్కు అడుగు వేసి తలుపు మూసింది. తడితువ్వాలు ఒకటి తలుపు కింది సందులో కుక్కి, నా దగ్గరకు వచ్చి, "ఏమండీ, మీ మనుమడి పురుగు వేంకటేశ్వరస్వామి వెనక ఉంది" అని చెప్పింది. అంతమంది మగధీరులం ఉండగా ఆ పూట బుద్ధిగా పనిచేసినది ఆవిడ ఒక్కతే.

మనుమడు పారదర్శకమైన డబ్బా ఒకటీ, దళసరి అట్టముక్క ఒకటీ తెచ్చాడు. పటాన్ని నేను గోడనుంచి మెల్లగా జరిపాను. పురుగు గోడకు అతుక్కొని ఉంది. వాడు దానిమీద డబ్బా బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య అట్టముక్కను వెంట్రుక వెంట్రుకగా జరిపి మూతలా చేశాడు. చేత్తో ముట్టుకోవటమనే మాటే లేదు. అయినా ఒక్క క్షణంలో అది డబ్బా అంతా చుట్టి వచ్చింది. ఆ వేగం చూశాక నాకు అర్థమయింది, చీపురుతో దీన్ని కొట్టగలమనుకోవటం భ్రమ అని.

ఆ రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ జరిగింది. చంటిపిల్ల ఉన్న ఇల్లు, ఎవరికైనా ఇచ్చేయవలసిందేనన్నారు అల్లుడు గారు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. దక్షిణ అమెరికా జాతులకు పొట్టమీద దురద పెట్టే నూగు ఉంటుంది. శత్రువు మీదికి దాన్ని రాల్చి తప్పించుకొంటాయి. మన దేశపు జాతులకు ఆ ఆయుధం లేదు. వాటికున్నది వేగం, కోరలు. ఈ నీలం జాతి కరిస్తే విపరీతమైన నొప్పి, ఆపైన కండరాలు కొంకర్లు పోవటం, అది రోజుల తరబడి ఉండటం కద్దు. దీని కాటుతో మనిషి చనిపోయిన దాఖలా లేదుగాని, పెద్దవాడికే అంత బాధ అయితే చంటిదాని మాట ఏమిటి?

మనుమడు అన్నం కలుపుతూ తల వంచుకొన్నాడు. వాడు వాదించి ఉంటే నేను ఊరుకొనేవాణ్ణి. వాడు వాదించలేదు. "తప్పు నాదే. డబ్బు చాలక పాత తొట్టి కొన్నాను" అన్నాడు.

అప్పుడు నేను, "అల్లుడు గారూ, నెల రోజులు గడువు ఇవ్వండి. పెట్టె నేను చేయిస్తాను. నెల తరువాత మీకు నమ్మకం కుదరకపోతే మీరన్నట్టే చేద్దాం" అన్నాను. ఆయన నా ముఖం చూసి, "మీరు పూచీ పడితే సరే మామయ్యగారూ" అన్నారు. అంతవరకూ ఆ డబ్బాను చాకలి గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మా ఆవిడ చేతికి ఇచ్చారు.

పెట్టె చేయాలంటే ముందు లోపల ఉండవలసినవాడి అలవాట్లు తెలియాలి. మనుమడు చదివి చెబుతుంటే నేను వింటూ కూర్చొన్నాను.

టారంటులా అనే పేరు ఇటలీలోని టారంటో పట్టణం నుంచి వచ్చిందట. అక్కడి పొలాల్లోని ఒక సాలీడు కరిస్తే, విషం దిగేదాకా నాట్యం చేయాలని పూర్వం నమ్మేవారు. నిజానికి ఆ సాలీడు వేరు, ఇది వేరు. పేరు మాత్రం పడవలెక్కి ప్రపంచమంతా తిరిగి, బొచ్చు ఉన్న పెద్ద సాలెపురుగులన్నిటికీ అంటుకొంది.

ఇక ఈ నీలం పురుగు కథ. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క పురుగును చూసి, 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తరువాత నూరేళ్ళపాటు దాని జాడే లేదు. గుత్తి చుట్టుపక్కల వెతికినవాళ్ళకు కనబడలేదు. కనబడకపోవటంలో వింత లేదు, గుత్తి దాని ఊరే కాదు. అడవినుంచి వచ్చిన దుంగలతోపాటు టిక్కెట్టు లేకుండా రైల్లో వచ్చి అక్కడ దిగి ఉంటుంది. 2001లో అది మళ్ళీ కనబడింది. ఎక్కడనుకొన్నారు? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య నల్లమల అడవిలో.

మనుమడు ఆ ముక్క చదవగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నంద్యాల, గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట, గిద్దలూరు! మీటరు గేజి రోజుల్లో ఆ దారిన నేను గూడ్సు బండ్లు తీసుకొని ఎన్ని రాత్రులు తిరిగానో లెక్కలేదు. ఎదురుబండి కోసం దిగువమెట్టలో గంటల తరబడి ఆపేవారు. లాంతరు పక్కన పెట్టుకొని చెట్లకింద కూర్చొని అన్నం తినేవాణ్ణి. ఈ పురుగు పగలంతా పాత చెట్ల తొర్రల్లో దాక్కొని, రాత్రిపూట తొర్ర నోటి దగ్గరకు వచ్చి, దారిన పోయే పురుగు కోసం కాచుకొని ఉంటుందట. అంటే నేను కింద అన్నం తింటుంటే అది పైన తన భోజనం కోసం ఎదురు చూస్తూ ఉండి ఉంటుంది. ఇద్దరమూ రాత్రి డ్యూటీవాళ్ళమే.

ఆ అడవిలో దానికి మిగిలిన చోటు నూరు చదరపు కిలోమీటర్లు కూడా లేదనీ, కలపకూ వంటచెరకుకూ చెట్లు పోతూ ఉంటే ఆ తొర్రలూ పోతున్నాయనీ చెప్పి, 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. విచిత్రమేమంటే, మళ్ళీ దొరికిన కొన్నేళ్ళలోనే ఇది యూరపు, అమెరికాల్లోని గాజుపెట్టెల్లోకి చేరింది. అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే పెరిగి, ఇవాళ అంగళ్ళలో పిల్లలు కొనుక్కొంటున్నారు. ఇంటి దగ్గర చోటు లేక పరాయి దేశంలో సంసారం పెంచుకొన్న చుట్టం అన్నమాట. మా అమ్మాయి సంసారం చూస్తూ ఆ మాట అనుకొంటే నాకు నవ్వూ వచ్చింది, మరొకటీ వచ్చింది.

చెట్టు తొర్రలో ఉండేది అన్న ఒక్క మాటతో తప్పు ఎక్కడ జరిగిందో తేలిపోయింది. మావాడి తొట్టి పొడుగు ఇరవై అంగుళాలు, ఎత్తు పది. అది నేలలో బొరియ తవ్వుకొనే జాతులకు పనికివచ్చే ఆకారం. వాటికి లోతుగా మట్టి పోయాలి, పైన ఖాళీ తక్కువ ఉంచాలి. ఎందుకంటే అవి బరువైన పొట్టతో ఎత్తునుంచి పడితే పొట్ట పగిలి చస్తాయి. చెట్టు జాతికి దీనికి సరిగా ఎదురు. ఎక్కటానికి ఎత్తు కావాలి, దూరటానికి నిలువుగా ఒక చీకటి సందు కావాలి. అవి రెండూ తొట్టిలో లేవు. అవి రెండూ ఉన్న చోటు ఆ ఇంట్లో దేవుడి పటం వెనక ఒక్కటే. అది పారిపోలేదు, ఇల్లు వెతుక్కొంది. ఆ సంగతి తెలిశాక నాకు సగం భయం తీరింది. ఉండవలసిన వసతి ఉంటే అది కదలదు. మనం చేయవలసిందల్లా ఆ వసతి ఇచ్చి, తలుపు గట్టిగా వేయటం.

అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తుతో ముందువైపు తలుపు ఉన్న గాజుపెట్టె కొన్నాము. దానికీ పైన జాలీయే ఉంది. సాలెపురుగు కాలి కొసన రెండేసి సన్నని గోళ్ళుంటాయి. జాలీమీద తలకిందులుగా నడిచేటప్పుడు అవి చిక్కుకొని కాలు ఊడిపోవచ్చు. అందుచేత జాలీ తీసివేసి, దళసరి ప్లాస్టిక్ పలక కోయించి బిగించాను. గాలికోసం పలకకూ, పక్క ఎదురెదురు గోడలకూ చిన్న రంధ్రాలు వేశాము. దీని ఊపిరితిత్తులు పుస్తకంలో పుటల్లా పొరలుపొరలుగా ఉంటాయి. కదలని చెమ్మగాలి వాటికి గిట్టదు. ఒకవైపునుంచి గాలి వచ్చి రెండోవైపునుంచి పోవాలి. మన ఇళ్ళకు వీధి గుమ్మానికి ఎదురుగా దొడ్డి గుమ్మం పెట్టటంలేదూ, ఆ సూత్రమే.

రంధ్రం ఎంత ఉండాలనేది ముఖ్యం. పొట్ట మెత్తన, కాళ్ళు ముడుచుకొంటాయి. గట్టిగా ఉండేది తలా రొమ్మూ కలిసిన ముందుభాగం ఒక్కటే. అది పట్టే సందు ఎక్కడ ఉన్నా పురుగు మొత్తం పడుతుంది. కాబట్టి ప్రతి రంధ్రమూ, తలుపు చుట్టూ ఉన్న సందుతో సహా, దానికంటె బాగా సన్నగా ఉండాలి. నేను అగ్గిపుల్ల పట్టుకొని సందు సందుకూ దూర్చి పరీక్ష చేశాను. అగ్గిపుల్ల దూరిన చోటల్లా మళ్ళీ జిగురు పట్టించాము. ఆ జిగురు పూర్తిగా ఆరి వాసన పోయేదాకా వారం రోజులు పెట్టెను ఎండలో ఖాళీగా ఉంచాము.

అడుగున మూడు నాలుగు అంగుళాల మందాన కొబ్బరిపొట్టు పరిచాము. ఆ దేశంలో దాన్ని ఇటుకల్లా నొక్కి అమ్ముతారు, నీళ్ళు పోస్తే ఉబ్బుతుంది. మన కోనసీమలో పీచు తీయగా మిగిలిన పొట్టు కుప్పలు పడి ఉంటుంది. అక్కడ దాన్ని డాలర్లు పోసి కొంటుంటే మా ఆవిడ బుగ్గలు నొక్కుకొంది. ఒక మూలగా, సీసా బిరడాలు చేసే చెట్టు బెరడును గొట్టంలా ఉన్నదాన్ని నిలువుగా పాతాము. అదే దాని తొర్ర. గొట్టం పై నోరు మూతకు మరీ దగ్గరగా లేకుండా చూశాము, తలుపు తీసిన చేతికి ఎదురుగా అది ఉండకూడదు గదా. ఒక చిన్న నీళ్ళగిన్నె. రెండు కాగితపు ఆకులు. అంతే. వేడి దీపాలు పెట్టవద్దన్నాను. మనకు ఒళ్ళు వెచ్చగా హాయిగా ఉండే గదే దానికీ చాలు. దీపం పెడితే అది ఎండిపోతుంది.

చివరకు తలుపుకు చిన్న తాళం. ఒక చెవి మనుమడి దగ్గర, రెండోది అల్లుడు గారి దగ్గర.

పెట్టెకంటె ముఖ్యమైనది పద్ధతి. రైల్వేలో లైన్ క్లియర్ లేనిదే బండి కదలదు. ముందు స్టేషనువాడు, బండి లేదు, దారి ఖాళీ అని చెబితేనే మనం జెండా ఊపాలి. ఆ నియమమే మనుమడికి వ్రాసి గోడకు అంటించాను. ఒకటి, పురుగు ఎక్కడుందో కంటితో చూడనిదే తలుపు తీయరాదు. రెండు, ఒంటరిగా తీయరాదు, పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. మూడు, లోపలికి చెయ్యి పోరాదు, పొడుగాటి పట్టకారే పోవాలి. నాలుగు, పెట్టె కడగవలసివస్తే స్నానాల తొట్టిలో పెట్టి, నీరు పోయే కన్నం మూసి అక్కడే చేయాలి. నున్నటి గోడలూ, మూసిన తలుపూ ఉన్న గదిలో తప్పించుకొన్నా ఎక్కడికీ పోదు. అయిదు, దాన్ని చేతిమీద ఎక్కించుకొని ఫోటోలు దిగటం ఎన్నటికీ లేదు. అది కుక్కపిల్ల కాదు. దానికి మన ప్రేమ తెలియదు, మన చెయ్యి వేడి మాత్రమే తెలుస్తుంది.

ఆహారం వారానికి ఒకటో రెండో కీచురాళ్ళు, దాని పొట్టకంటె పెద్దవి కాకుండా. ఈ విషయంలో మా ఆవిడకూ మనుమడికీ కొంత చర్చ జరిగింది. "ఏకాదశినాడు కూడానా?" అని అడిగింది. "అమ్మమ్మా, దానికి పప్పన్నం అరగదు" అన్నాడు వాడు. ఏకాదశి మానివేసి ద్వాదశినాడు వేసేటట్టు రాజీ కుదిరింది. పురుగుకు అందువల్ల వచ్చిన నష్టమేమీ లేదు, పక్షం రోజులు తిండి లేకపోయినా అది ఉండగలదు.

కొత్త పెట్టెలోకి వదిలిన రాత్రి నేనూ అల్లుడు గారూ కుర్చీలు వేసుకొని కూర్చొన్నాము. అది డబ్బా నోటిలోనుంచి ముందు రెండు కాళ్ళు బయటపెట్టి, గాలిని తడిమినట్టు తడిమి, ఒక్క ఉరుకున బెరడు ఎక్కి గొట్టంలో మాయమయింది. మళ్ళీ రెండు రోజులు కనబడలేదు. మూడో రోజు చూస్తే గొట్టం నోటికి తెల్లని పట్టు అల్లుకొంది. "గృహప్రవేశం అయిందిరా" అన్నాను. అల్లుడు గారు నవ్వారు. నెల గడిచినా ఆయన పంచాయితీ మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా రాత్రిపూట ఎర్రని చిన్న దీపం పట్టుకొని, అది బయటికి వచ్చిందేమోనని తొంగిచూడటం ఆయనకు అలవాటయింది.

మేము గుణదల వచ్చేశాము. మరుసటి సంవత్సరం, అంటే 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో, బెజవాడలో కురిసిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. బుడమేరు పొంగి సగం పట్నం నీళ్ళలో ఉంది. వాన తెరిపి ఇచ్చిన తరువాత ఒక సాయంత్రం, కొండవాలు ఇంటి కుర్రాడు మూత బిగించిన హార్లిక్స్ సీసా పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. లోపల గోధుమరంగు బొచ్చుతో పెద్ద సాలెపురుగు. వెనకనే వాళ్ళ అమ్మ చీపురుతో. "తాతగారూ, మీకు తెలుసటగా, దీన్ని పెంచుకోవచ్చునా?" అని వాడు. "చంపేయమని చెప్పండి బాబాయిగారూ" అని ఆవిడ.

ముందు ఆ మూత తీయించి, చిల్లులు వేసిన వెడల్పాటి డబ్బాలోకి దాన్ని మార్చాను, అట్టముక్క పద్ధతిలోనే. ఫోటో మనుమడికి పంపితే గంటలో సమాధానం వచ్చింది: "నేల బొరియ జాతి తాతయ్యా. కాళ్ళు సన్నగా పొడుగ్గా ఉన్నాయి, ముఖం దగ్గర పొట్టిచేతుల కొసలు గుండీల్లా ఉబ్బి ఉన్నాయి చూడు. ఎదిగిన మగది. వాన వెలిశాక ఆడదాన్ని వెతుక్కొంటూ తిరుగుతోంది. ఎక్కువ రోజులు బతకదు. వదిలెయ్యి."

కుర్రాడి ముఖం చిన్నబోయింది. వాణ్ణి కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాను. గుత్తి పురుగు బంధువులన్నిటికీ 2019లో అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కింద రక్షణ వచ్చింది. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు ఆ ఒప్పందపు పట్టికలోని జీవుల కోసం చట్టంలో ప్రత్యేకంగా ఒక షెడ్యూలు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, అటువంటి జీవం ప్రాణంతో ఎవరి దగ్గర ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. కొండమీదినుంచి పట్టితెచ్చి సీసాలో పెట్టుకొనే విద్య కాదిది. ఏ జాతి ఏ పట్టికలో ఉందో మనకు చూడగానే తేలదు, అందుచేత వదిలివేయటమే క్షేమం.

"మరి మీ మనుమడు పెంచుతున్నాడుగా?" అన్నాడు వాడు, తడుముకోకుండా.

"వాడిది పెట్టెలో పుట్టిన పురుగురా. దానికి పోవటానికి వేరే ఇల్లు లేదు, అందుకని మేము కట్టాము. దీనికి ఇల్లు ఉంది, నువ్వు చూసే వచ్చావు" అన్నాను. వాడు ఇక మాట్లాడలేదు. చీకటి పడుతుండగా ఇద్దరం కొండమీదికి వెళ్ళి, అది దొరికిన బండ దగ్గరే డబ్బాను వంచి వెనక్కు నిలబడ్డాము. అది కాసేపు కదలలేదు. తరువాత రాతి సందులోకి పోయింది. వాళ్ళ అమ్మకు మాత్రం, ఇంట్లోకి ఎప్పుడైనా వస్తే చీపురు పట్టుకోకుండా డబ్బా, అట్టముక్కా పట్టుకోమని నేర్పాను. చంపబోయినప్పుడే అది తిరగబడి కరుస్తుంది.

ఆ దసరాలకు మనుమడినుంచి ఫోను వచ్చింది. గొంతులో ఆందోళన. పురుగు మూడు వారాలుగా తిండి ముట్టటంలేదట. గొంతు మొదలు గొట్టం నోరంతా పట్టుతో మూసేసుకొందట. "తాతయ్యా, చచ్చిపోయిందేమో, బెరడు తీసి చూడనా?" అన్నాడు.

"లైన్ క్లియర్ ఉందా?" అన్నాను.

"లేదు. కనబడటంలేదు."

"అయితే తలుపు తీయకు. నీళ్ళగిన్నె నిండా ఉందా? మిగిలిన కీచురాళ్ళను బయటికి తీశావా? ఇక నీ పని వేచి ఉండటమే."

ఇటువంటి వేళల్లోనే అవి కుబుసం విడుస్తాయి. వెల్లకిలా పడుకొని, కాళ్ళు ముడుచుకొని, చచ్చినట్టే ఉంటాయి. చూసినవాళ్ళు పోయిందనుకొని పారేస్తారు, లేదా కదిపి నిజంగానే చంపుతారు. అప్పుడు కోరలు కూడా తెల్లగా మెత్తగా ఉంటాయి. లోపల మిగిలిపోయిన ఒక కీచురాయి చాలు, దాన్ని కొరికి తినటానికి. గట్టిపడటానికి వారం పది రోజులు పడుతుంది. అంతవరకూ తిండి పెట్టకూడదు.

పన్నెండో రోజున మళ్ళీ ఫోను. ఈసారి వాడి గొంతు మోగుతోంది. గొట్టం నోటినుంచి పాత చర్మం బయటికి తోసేసిందట, కాళ్ళు, కోరలు అన్నిటితో సహా, చొక్కా విప్పినట్టు. లోపల పురుగు మునుపటికంటె పెద్దదై, కొత్త నీలంతో మెరుస్తోందట. ఆ చర్మాన్ని నీళ్ళలో నానబెట్టి, విప్పి, భూతద్దంతో చూస్తే ఆడదో మగదో తెలుస్తుంది.

"ఆడది తాతయ్యా! ఆ చర్మం నీకు పోస్టులో పంపనా?"

"వద్దురా. దానికీ కాగితాలు కావాలి. ఫోటో పంపు చాలు."

ఫోటో మా ఆవిడకు చూపించాను. కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసి, "నెమలికంఠం రంగు పట్టుచీర కట్టింది" అన్నది. ఆ తరువాత, "ఎన్నేళ్ళుంటుందట?" అని అడిగింది.

మగవాటికి మూడు నాలుగేళ్ళే ఆయుష్షు. ఆడది పది పన్నెండేళ్ళు ఉంటుంది. ఆ లెక్కన మావాడు కాలేజీ ముగించి ఉద్యోగంలో చేరేదాకా అది ఉంటుంది. నాకు డెబ్భై ఆరు. ఈ లెక్క నేను పైకి చెప్పలేదు. కాని ఆవిడకు లెక్కలు రాకనా?

"అంతకాలం చూడవలసినది ఎందుకు తెచ్చుకొన్నాడో పిల్లవాడు" అన్నది మెల్లగా.

అదే మాట ఫోనులో వాణ్ణి అడిగాను. "నువ్వు కాలేజీకి పోతే దీన్ని ఎవరు చూస్తారు?"

వాడు తడుముకోలేదు. "నాన్న చూస్తానన్నాడు. రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉందిగా!"